గోడ మీద బండ్ల బాట

దేవరకొండకు రెండు కోసుల అవతల ఉన్న ఆ ఊరి బడిలో నేను చేరిన రోజున గోడకు రెండు పటాలు వేలాడుతున్నాయి. ఒకటి నిజాం కాలం నాటిది. ఊర్ల పేర్లన్నీ ఉర్దూలో ఉన్నాయి. రెండోది రాష్ట్రాలు కలిసిన తర్వాత పంపినది, తెలుగులో ఉంది. పిల్లలు రెండింటినీ చూపించి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పంతులమ్మా, మనం నిరుడు ఏ రాజ్యంల ఉన్నం? ఇప్పుడు ఏ రాజ్యంల ఉన్నం? ఎప్పుడు లేచి పోయినం?"

నేను ఏదో చెప్పబోతుంటే వరండాలో బీడీ తాగుతూ కూర్చున్న ఒక ముసలాయన అందుకున్నాడు. "మనం ఏడికీ పోలే బిడ్డా. గా కాగితాలే పోతయి, వస్తయి."

నాకప్పుడు ఇరవై ఏళ్లు. మాది పానగల్ దగ్గర వ్యవసాయ కుటుంబం. పెళ్లి కాని పిల్ల ఒక్కతీ పరాయి ఊళ్లో ఉండి నౌకరీ చేయడమేమిటని చుట్టాలంతా మా ఇంటికి వచ్చి మరీ అన్నారు. బాపు అందరి మాటా విని, చివరికి, "పోనియ్యుండ్రి. అది ఏడ్చుకుంట వాపసు వస్తే అప్పుడు నవ్వుండ్రి," అన్నాడు. ఏడుస్తూ వాపసు రాకూడదు అన్న ఒక్క పంతంతోనే ఆ ఊరికి వెళ్లాను. చదువు చెప్పాలన్న గొప్ప ఆశయం ఏదో ఉండి వెళ్లానని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమే అవుతుంది.

బడి అంటే పెంకులు కప్పిన ఒక పొడుగాటి గది, ముందు వరండా. నాలుగు తరగతులు, నేనొక్కదాన్నే. మూడో తరగతి వాళ్లకు భూగోళం ఉండేది. నాకన్నా ముందున్న పంతులు దాన్ని ఎక్కాల్లాగా అప్పజెప్పించాడు. పుస్తకం మూసి ఉన్నా పిల్లలు ఊగుతూ చదివేవాళ్లు: "మూడు దిక్కుల నీరు, ఒక దిక్కున భూమి గల ప్రదేశమును ద్వీపకల్పమందురు." ఒక్క అక్షరం తప్పు పోయేది కాదు. నాకు ముచ్చటేసి, "సరే, ఉత్తరం ఎటుంది?" అని అడిగాను.

అందరి చేతులూ ఒక్కసారే పైకి లేచాయి. గది కప్పు వైపు.

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత గోడ మీది పటం చూశాను. అందులో ఉత్తరం పైనే ఉంది మరి. వాళ్ల తప్పేముంది? నాకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే సిగ్గు కూడా వేసింది. నల్గొండ ట్రైనింగు బడిలో నేనూ అట్లాగే బట్టీ పట్టి పాసయ్యాను. అప్పటికప్పుడే పటాన్ని మేకు నుంచి దించి బయట నేల మీద పరిచాను. పొద్దు పొడిచే దిక్కు చూపించి, పటాన్ని తిప్పి, దాని ఉత్తరాన్ని నిజమైన ఉత్తరం మీద పెట్టాను. పిల్లలు చుట్టూ మూగారు. ఒకడు తన ఇంటి వైపు చూసి, పటం వైపు చూసి, "గట్లయితే మా ఇల్లు గీ పటం బయట ఏడనో పడుతది," అన్నాడు. అది నిజమే. ఆ ఊరు రెండు పటాల్లోనూ లేదు.

నెల రోజుల తర్వాత ఒక పిల్ల పొద్దెక్కినాక బడికి వచ్చింది. కాళ్లనిండా దుమ్ము, పల్లేరు ముళ్లు. వాళ్ల బర్రె తప్పిపోయింది. "ఏడేడ దేవులాడినవు?" అని అడిగాను. పుస్తకంలో ఒక్క వాక్యం కూడా తిన్నగా చదవలేని పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పింది: "మా దొడ్డి ఎన్కకెళ్లి గుండ్ల గుట్ట ఎక్కిన. గాడికెళ్లి చూస్తే ఏడ కనవడలే. గుట్ట దిగి కుమ్మరోళ్ల ఆవం కాడ అడిగిన. ఎడమచేతి దిక్కు పోయిందన్నరు. ఆముదాల చెలకల పడి పోతే వాగొచ్చింది. వాగు ఇసుకల గిట్టలు కనవడ్డయి గని, అవతలి ఒడ్డుకు బండ ఉన్నది, బండ మీద గిట్టలు ఆనవడయి గద!"

ఆ పిల్ల చెప్పింది భూగోళం కాక మరేమిటి? నేను ముగ్గుపిండి తెప్పించి ఆమె చేతికిచ్చాను. "చెప్పినదంతా గీడ నేల మీద గియ్యి," అన్నాను. ఆమె గీస్తుంటే మిగతావాళ్లు ఊరుకోలేదు. "ఆవం గాడ కాదు, జర ఇటు జరుపు," "వాగు గంత సాపుగ పోదు, మా చేను కాడ వంకర తిరుగుతది" అని కొట్లాట మొదలైంది. ఆ కొట్లాట తీర్చడానికి అడుగులు లెక్కపెట్టాల్సి వచ్చింది. వంద అడుగులకు నేల మీద ఒక జానెడు అని నియమం పెట్టుకున్నాం. నా జాన కాదు, పిల్లలందరిలో పెద్దదాని జాన.

బర్రె ఆ సాయంత్రమే దొరికింది. కానీ బడిలో మాత్రం దాన్ని మేం దొరకనివ్వలేదు. రోజూ మధ్యాహ్నం నేను దాని కథ చెప్పేదాన్ని. ఇవాళ అది వాగు వెంట నడిచి డిండి ఊరి పొలాల్లో దిగింది. ఎవరు చూశారు, అక్కడ ఏం పండుతుంది, ఆ ఊరివాళ్లు దాన్ని ఎందుకు తరిమారు? మర్నాడు కల్వకుర్తి సంతకు చేరింది. అక్కడినుంచి శ్రీశైలం దారి పట్టింది. కథ ఎంత దూరం పోతే పటం అంత దూరం పెరిగేది. బడి ముందున్న జాగా చాలక పక్కన కంది కట్టె ఏరేసిన చేనులోకి కూడా వెళ్లాం. ఒక పిల్లవాడి తల్లీ తండ్రీ సాగర్ కట్ట పనికి కూలికి పోయి ఆరు నెలలైంది. వాడు బర్రెను కృష్ణ ఒడ్డున ఆపించి, "గీడ మా నాయిన ఉన్నడు. బర్రెను గీడ రొండొద్దులు ఉంచు పంతులమ్మా," అన్నాడు. రెండు రోజులు కాదు, వారమంతా ఉంచాను. ఆ వారంలోనే పిల్లలు కృష్ణ గురించి పుస్తకంలో ఉన్నదంతా నేర్చుకున్నారు, లేనిది కూడా.

చలికాలంలో పిల్లలు ఊరి పటాన్ని బడి బయటి గోడ మీద గీస్తామన్నారు. ఎర్ర జాజు, సున్నం, బొగ్గు, చిక్కుడాకు పసరు, ఇవే మా రంగులు. నేను ఒకే ఒక్క షరతు పెట్టాను. మీరు నడిచి చూసిందే గీయాలి. లేదా నడిచినవాళ్లు చెప్పింది గీయాలి. విన్నది, ఊహించింది వద్దు. ఊరి బయటి గుడిసెలు కూడా గీయాలా అని ఒకడు అడిగాడు. "అక్కడ మనుషులు లేరా?" అన్నాను. దానికి ఇద్దరు ముగ్గురు పెద్దలు వచ్చి మూతి ముడుచుకున్నారు. గుడిసెలు మాత్రం గోడ ఎక్కాయి.

వాగు వైపు భాగం గీసింది పటేలు బిడ్డ. ఆ ఊళ్లో పటేలు అంటే పెద్ద రైతు. వాగు ఒడ్డు చెలకలన్నీ ఆయనవే. ఆయన మాటకు ఎదురు ఉండేది కాదు. బిడ్డకు తొమ్మిదేళ్లు. తక్కువ మాట్లాడేది, గీత మాత్రం వంకర పోనిచ్చేది కాదు. ఊరి నుంచి వాగు దాకా ఆమె రెండు ఎర్రగీతలు పక్కపక్కనే లాగింది. బండి చక్రాల జాడలన్నమాట.

"నేను ఆ దిక్కు పోయిన గదా, అక్కడ ఆముదాల చేనే ఉన్నది. బాట లేదు," అన్నాను.

"ఉండె పంతులమ్మా. మా అవ్వ నడిచింది," అంది.

షరతు నేను పెట్టిందే. ఉండనిచ్చాను. సంగతి నాకు అప్పటికి సగమే తెలుసు. అది ఊరి బండ్ల బాట. కొన్నేళ్ల కిందట పటేలు దాన్ని దున్ని తన చెలకలో కలుపుకుని రెండు కొసలకూ తుమ్మకంప వేయించాడు. ఎండాకాలం బావులు ఎండితే ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమెలు తీసి, ఊరిన నీళ్లు ముంచుకుని తెచ్చుకునేవాళ్లు. బాట పోయాక నెత్తిన కడవలతో గుట్ట చుట్టూ తిరిగి రావాల్సి వచ్చేది. ఇదంతా నాకు ముందే పూర్తిగా తెలిసినా ఆ గీతలు వద్దనేదాన్ని కాదు.

నాలుగో రోజు పటేలు బడి ముందు ఆగాడు. చాలాసేపు గోడ చూశాడు. తన ఇల్లు, తన బావి, తన కొట్టం అన్నీ గుర్తుపట్టి మొదట సంతోషపడినట్టే ఉన్నాడు. తర్వాత ఆయన చేతికర్ర ఎర్రగీతల మీద ఆగింది.

"గిదేంది?"

"బండ్ల బాట పటేలా," అన్నాను.

"గాడ బాటెక్కడిది? నా చెలక గది. ఎవరు గీసిండ్రు?"

"నేను గీయించిన."

"చెరిపెయ్యి."

పిల్లలంతా వరండాలోకి వచ్చి నిలబడ్డారు. "తప్పుంటే చూపియ్యుండ్రి పటేలా, ఇప్పుడే దిద్దుత. తప్పు లేకుంటే చెరపను," అన్నాను.

"నువ్వు నిన్న గాక మొన్న వచ్చినవు. మా ఊరి తొవ్వలు నీకేం ఎరుక? ఎవడో ఓర్వలేనోడు చెప్పిండు, నువ్వు గీయించినవు."

అప్పుడు ఆయన బిడ్డ పిల్లల మధ్య నుంచి ముందుకు వచ్చింది. నేను కళ్లతోనే వద్దన్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. "పంతులమ్మ గీయలే బాపూ, నేను గీసిన. అవ్వ చెప్పింది. గా తొవ్వ మీద బండ్లనే అవ్వ పెండ్లికూతురై మనూరికి వచ్చిందట."

పటేలు అందరి ముందూ తల్లి మాట అబద్ధమని అనలేడు. బిడ్డ చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఆ మరునాడు ఆదివారం. సోమవారం నేను వచ్చేసరికి గోడంతా తెల్లగా మెరుస్తోంది. ఇద్దరు మనుషులను పెట్టి సున్నం వేయించాడు. బాట ఒక్కటే కాదు, పిల్లల ఇండ్లు, ఆవం, గుట్ట, గుడిసెలు, అన్నీ పోయాయి.

ఆ గోడ ముందు నిలబడి నేను ఏడవలేదు. ఏడుపు రాలేదని కాదు. బాపు మాట గుర్తొచ్చింది. లోపలికి వెళ్లి హాజరు పిలిచాను. మధ్యాహ్నం పిల్లలతో ఇంతే అన్నాను: "గోడ మీద పోయింది. మీకు యాదికున్నదా?" ఉన్నదన్నారు. ఇంకేం చెప్పలేదు. దేవుని మీద ఒట్టేసి చెబుతాను, అంతకుమించి ఒక్క మాట కూడా నేను నేర్పలేదు.

మంగళవారం పొద్దున నేను కిరాయికి ఉన్న ఇంటి నుంచి బడికి నడుస్తూ ఒక వాకిలి ముందు ఆగిపోయాను. పేడనీళ్లు చల్లిన పచ్చటి వాకిట్లో ముగ్గు. చుక్కల ముగ్గు కాదు, గీతల ముగ్గు కాదు. మా ఊరి పటం! గుట్టకు మూడు గుండ్లు, వాగు వంకర, ఊరి నుంచి వాగుకు రెండు గీతలు. పక్కింటి ముందు అదే. ఎదురింటి ముందు అదే. ఒకరు ఎర్రమన్ను కూడా అద్దారు. మా మూడో తరగతి ఆడపిల్లలు ఒకరికొకరు చెప్పుకుని, తల్లుల చేతుల్లోంచి ముగ్గుగిన్నెలు తీసుకుని వేశారు. ఒక తల్లి గడపలో నిలబడి, నవ్వాపుకోలేక, "గోడంటె సర్కారుదట. వాకిలి నాదే గద పంతులమ్మా," అంది.

పటేలు సున్నం ఎన్ని వాకిళ్లకు వేయిస్తాడు? ఎద్దులు తొక్కి, బండ్లు తిరిగి సాయంత్రానికి ముగ్గులు చెదిరేవి. పొద్దున మళ్లీ ఉండేవి. వారం పైగా సాగింది.

కానీ ఆయన బిడ్డ బడికి రాలేదు. పది రోజులు చూశాను. నా పంతానికి ఆ పిల్ల చదువు పోయిందా అన్న ఆలోచన నన్ను ముద్ద మింగనివ్వలేదు. పదకొండో రోజు బడి విడిచాక పటేలు ఇంటికి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోమనలేదు. "ఆడివిల్లకు గంత చదువు చాలు," అన్నాడు.

"గోడ మీద కోపముంటే గోడకే చూపిచ్చిండ్రు. బిడ్డ మీదెందుకు పటేలా?" అన్నాను.

లోపల మంచం మీద ఉన్న ఆయన తల్లి గోడ పట్టుకుని బయటికి వచ్చింది. చెవులకు బరువైన గంటీలు, వంగిన నడుము. కొడుకు వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది. "బిడ్డా, నేను వచ్చిననాడు గా తొవ్వల బండి చక్రం ఇరిగింది. పెండ్లికూతురు నడువొద్దు అన్నరు. చక్రం చేసేదాక పొద్దుగూకే వరకు గా బండ మీద కూసున్న. ఊరి ఆడోళ్లంత కడవలు దించి నాకు నీళ్లు తాపి పోయిండ్రు. గా తొవ్వ లేదని నాతోని అనుమను."

పటేలు లేచి దొడ్డి వైపు వెళ్లిపోయాడు. మరునాడు హాజరు పిలుస్తుంటే ఆ ముసలమ్మ మనవరాలి భుజం మీద చెయ్యి వేసుకుని బడి మెట్టు దగ్గర ఉంది. "రాయి, గిది వచ్చిందని రాయి," అని నేను పుస్తకంలో రాసేదాకా కదల్లేదు.

పటేలు ఫిర్యాదు మాత్రం పైకి వెళ్లింది. ఎండాకాలం సెలవులకు ముందు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా వైపు ఆయన. తెల్లటి బట్టలు, నెమ్మదైన మాట. చెడ్డవాడు కాడు. పిల్లలను "ద్వీపకల్పమంటే ఏమిటి?" అని అడిగాడు. పుస్తకం మాటలు మేం వదిలి చాలా రోజులైంది. అందరూ తలలు దించారు. బర్రె తప్పిపోయిన పిల్ల మాత్రం లేచింది. "మూడు దిక్కుల వాగు, ఒక్క దిక్కే తొవ్వ ఉంటది సార్. మా చిన్నబాపు చెలక గట్లనే ఉంటది. వానలు కొడితే గా ఒక్క దిక్కుకెళ్లే పోవాలె."

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. "ఏమిటమ్మా ఈ భాష? గట్ల, గా, కెళ్లి! పాఠ్యపుస్తకం లేదా మీకు? పిల్లలకు శుద్ధమైన తెలుగు నేర్పండి."

"ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పేముంది సార్?" అన్నాను.

"తప్పని కాదు..."

"తప్పు కాకుంటే మంచిగ చెప్పినవని ఒక్క మాట అనుండ్రి. పొద్దటి నుంచి మీ కోసం ఎదురు చూస్తున్నరు."

నా నోట్లోంచి ఆ మాట మా ఊరి తెలుగులోనే వచ్చింది. మార్చుకోలేదు. ఆయన ఆ పిల్ల వైపు తిరిగి, "బాగా చెప్పావమ్మా" అన్నాడు. తర్వాత పటం సంగతి అడిగాడు. పిల్లలు నేల మీద పటం మళ్లీ గీసి, ఆయన్ను దాని పక్కన నిలబెట్టి, అడుగులు లెక్కపెడుతూ ఊరంతా తిప్పారు. కంప దాకా వెళ్లి ఆగారు. ఇటు చెలక, అటు వాగు. తిరిగి వచ్చి తనిఖీ పుస్తకంలో ఆయన రాసినది నేను ఇప్పటికీ మరవలేదు. పటం కొలతలకు సరిగా ఉందట. పాఠ్యప్రణాళికలో లేని పని చేయించినందుకు ఉపాధ్యాయురాలిని హెచ్చరించాలట. రెండూ ఒకే పేజీలో.

ఆ ఎండాకాలం బావులు అడుగంటాయి. ఒక పొద్దున ఆడవాళ్లు కడవలతో బయల్దేరి గుట్ట చుట్టూ తిరగలేదు. సూటిగా కంప దగ్గరికి వెళ్లి, చీర కొంగులు చేతులకు చుట్టుకుని, దాన్ని పక్కకు లాగేశారు. ఆముదాలు కోసేసిన చెలక ఖాళీగా ఉంది. నడిచారు. వానలు పడగానే పటేలు మళ్లీ దున్నించాడు. పంట తీశాక వాళ్లు మళ్లీ నడిచారు. నేను అక్కడున్న ఇంకో రెండేళ్లూ అంతే. ఆయన దున్నడం మానలేదు, వాళ్లు నడవడం మానలేదు. అది బాట కాదని మాత్రం ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ అనలేదు.

తర్వాత నన్ను కల్వకుర్తి వైపు ఒక బడికి మార్చారు. కారణం రాయలేదు. అక్కడి పెద్ద పంతులు మొదటి రోజే, "నీ గురించి విన్నమమ్మా. గోడల జోలికి పోకు," అన్నాడు. "గోడ దాక ఎందుకు సార్, నేల ఉన్నది గద," అన్నాను. ఆయనకు నచ్చలేదు. నాకు ఆయన నచ్చాల్సిన అవసరం కూడా కనిపించలేదు.

తరగతిలోకి వెళ్లాను. కొత్త పిల్లలు, కొత్త ముఖాలు. "పొద్దున మీరు ఏడికెళ్లి వచ్చిండ్రు? తొవ్వల ఏమేం కనవడ్డయి?" అని అడిగాను. చివరి వరసలో, చింపిరి జుట్టు పిల్ల ఒకతి, చేతులు కట్టుకోకుండా నిలబడి, "మేం ఏడికెళ్లి వస్తె నీకెందుకు పంతులమ్మా?" అంది.

ఆ పిల్లను దగ్గరికి పిలిచాను. సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, "నాకు ఎరుక లేదు గనుక," అన్నాను.